ఎక్సోజోములను వేరుచేసే పద్ధతుల్లో ఏది ఎంచుకోవాలి? వరంగల్ ప్రాంతంలో పీహెచ్‌డీ చేస్తున్నవారికి ఒక పోలిక

కణాలు ఎక్సోజోముల (బయటికి వదిలే అతి చిన్న పొర సంచుల) ద్వారా ఒకదానికొకటి సమాచారం ఎలా అందించుకుంటాయన్న అంశం మీద పీహెచ్‌డీలో చేరినవారు సినాప్సిస్ రాస్తూ పరిశోధన విధానం దగ్గరికి వచ్చేసరికి దాదాపు అందరూ ఒకే చోట ఆగిపోతారు. అల్ట్రా సెంట్రిఫ్యూజ్ వాడాలా, కాలమ్ పెట్టాలా, గ్రేడియంట్ వేయాలా, కిట్ కొనాలా? సీనియర్లను అడిగితే తాము వాడినదే మంచిదంటారు, కంపెనీ ప్రతినిధిని అడిగితే కిట్ చూపిస్తారు, ప్రచురితమైన పేపర్లు తిరగేస్తే ఒక్కొక్కరిది ఒక్కో దారి. కాకతీయ విశ్వవిద్యాలయంలోనో, నిట్‌లోనో, కాకతీయ వైద్య కళాశాలలోనో పనిచేసేవారికీ, కరీంనగర్ లేదా నిజామాబాద్ వైపు డిగ్రీ కళాశాలలో పాఠాలు చెబుతూ పార్ట్‌టైమ్‌గా పరిశోధన చేసేవారికీ ఉపయోగపడేలా ఈ పద్ధతులను పక్కపక్కన పెట్టి చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నా మొగ్గు ఎటో ముందే చెబుతాను. ఏ పద్ధతి అత్యంత శుద్ధమైనదన్న ప్రశ్నతో మొదలుపెడితే జవాబు దొరకదు. మీరు నిరూపించదలచుకున్న వాక్యం ఏమిటో రాసుకుని, ఆ వాక్యాన్ని ఏ కల్మషం అబద్ధం చేయగలదో చూసి, దాన్ని తీసివేయగల పద్ధతుల్లో ప్రతి వారమూ మీ చేతికి అందేదాన్ని ఎంచుకోవాలి. ఈ లెక్కన మన ప్రాంతంలో చాలామందికి సైజ్ ఎక్స్‌క్లూజన్ కాలమే ప్రధాన పద్ధతి అవుతుందని నా అభిప్రాయం. అది ఎవరికి సరిపడదో కూడా కింద చెబుతాను.

## ముందుగా తేల్చుకోవలసినవి

ఎక్సోజోములు సుమారు 30 నుంచి 150 నానోమీటర్ల వ్యాసం ఉండే వెసికిల్స్, అంటే పొర సంచులు. కణంలోపలి ఎండోజోము పొర లోపలికి ముడుచుకుని చిన్న చిన్న వెసికిల్స్‌ను తయారుచేస్తుంది, ఆ ఎండోజోము వచ్చి కణత్వచంతో కలిసిపోయినప్పుడు అవి బయటికి విడుదలవుతాయి. 1983లో రెండు బృందాలు గొర్రె, ఎలుకల అపరిపక్వ ఎర్రరక్తకణాల్లో ఈ దారిని వేరువేరుగా గమనించాయి. కణం తనకు అక్కరలేని ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకాలను ఇలా పారవేసుకుంటోందని అప్పట్లో భావించారు. 1996లో బి లింఫోసైట్ల ఎక్సోజోములు టి కణాలను ప్రేరేపించగలవని తేలడంతోనూ, 2007లో స్వీడన్ పరిశోధకులు ఎలుక మాస్ట్ కణాల ఎక్సోజోములలోని ఆర్‌ఎన్‌ఏ మానవ మాస్ట్ కణాల్లోకి చేరి అక్కడ ఎలుక ప్రోటీన్లను తయారుచేయించిందని చూపడంతోనూ దృష్టి సమాచార ప్రసారం వైపు మళ్లింది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. కణం బయట సమాచారం మోసేవి ఎక్సోజోములు మాత్రమే కావు. రక్తంలోని మైక్రో ఆర్‌ఎన్‌ఏలో పెద్ద భాగం వెసికిల్స్‌లో కాక ఆర్గోనాట్ ప్రోటీన్‌ను అంటిపెట్టుకుని ఉంటుంది, కొంత హెచ్‌డీఎల్ (రక్తంలో కొవ్వును మోసే లైపోప్రోటీన్లలో ఒకటి) మీద తిరుగుతుంది. కల్చర్ ద్రవంలో సైటోకైన్లు ఉంటాయి, కణత్వచం నుంచి నేరుగా మొగ్గతొడిగిన వేరే వెసికిల్స్ కూడా ఉంటాయి. కాబట్టి "ఎక్సోజోములు చేర్చగానే గ్రాహక కణం (వాటిని అందుకునే కణం) ఇలా మారింది" అన్న వాక్యం నిలబడాలంటే, ఆ ట్యూబులో వెసికిల్స్‌తోపాటు ఇంకేమి వచ్చిందన్నదే ప్రధాన ప్రశ్న అవుతుంది. రోగనిర్ధారణ సూచిక వెతికేవారి పరిస్థితి వేరు. సంకేతం వెసికిల్ లోపలి నుంచి వచ్చినా, పక్కనుంచి వచ్చినా, రోగిని ఆరోగ్యవంతుడి నుంచి స్థిరంగా వేరుచేయగలిగితే వారి పని నెరవేరుతుంది.

ఈ శుద్ధి తరువాత చూడవలసినవి ఎంత రాబడి వస్తుంది, వెసికిల్స్ చిట్లకుండా గుంపు కట్టకుండా వస్తాయా, మీ దగ్గరున్న నమూనా ఎన్ని మిల్లీలీటర్లు, మొత్తం ఎన్ని నమూనాలు అన్నవి. చివరిది, పాఠ్యపుస్తకాల్లో ఉండనిది, యంత్రం ఎంత దూరంలో ఉంది అన్నది. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీస కాలం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. జేఆర్‌ఎఫ్ రెండేళ్లలో ఎస్‌ఆర్‌ఎఫ్‌గా మారేనాటికి కొంత ఫలితం చూపించాలి. ప్రతి ప్రయోగాన్నీ కనీసం మూడుసార్లు స్వతంత్రంగా చేసి చూపవలసిన పరిశోధనలో, ప్రతిసారీ కాజీపేటలో రైలెక్కవలసిన పద్ధతిని ఎంచుకుంటే కాలం ఎలా కరిగిపోతుందో ఎవరికివారు లెక్క వేసుకోవచ్చు.

## అల్ట్రా సెంట్రిఫ్యూజ్: పాత దారి, తెలిసిన లోపాలు

300 జీ (గురుత్వాకర్షణకు 300 రెట్ల బలం) దగ్గర కణాలు, 2,000 జీ దగ్గర చనిపోయిన కణాల ముక్కలు, 10,000 జీ దగ్గర పెద్ద వెసికిల్స్ తీసివేసి, చివరికి 1,00,000 జీ దగ్గర గంటకు పైగా తిప్పి అడుగున చేరిన పెల్లెట్‌ను మళ్లీ పీబీఎస్‌ (ఉప్పు కలిసిన బఫరు ద్రావణం)లో కడిగి తిప్పడం ఇందులోని వరుస. దశాబ్దాలుగా వాడుకలో ఉంది కాబట్టి పరీక్షకులెవరూ దీన్ని కొత్తగా ప్రశ్నించరు. ఆరు ట్యూబుల స్వింగ్ అవుట్ రోటారులో ఒకేసారి 200 మిల్లీలీటర్లకు పైగా కల్చర్ ద్రవం పడుతుంది, రసాయనాల ఖర్చు దాదాపు ఉండదు.

లోపాలు మూడు. అంత ఒత్తిడితో అడుగుకు నొక్కినప్పుడు వెసికిల్స్ గుంపు కడతాయి, కొన్ని దెబ్బతింటాయి. ప్రోటీన్ల గుంపులు కూడా వాటితోపాటే దిగుతాయి. రోటారు మారితే ఫలితం కూడా మారుతుంది, ఎందుకంటే కణిక ట్యూబు అడుగుకు చేరడానికి పట్టే కాలం జీ మీదే కాక రోటారు ఆకృతి మీద, అంటే కె ఫ్యాక్టర్ మీద కూడా ఆధారపడుతుంది. ఫిక్స్‌డ్ యాంగిల్ రోటారులో 70 నిమిషాలకు దిగేది స్వింగ్ అవుట్ రోటారులో దిగడానికి అంతకన్నా చాలా ఎక్కువ సేపు పడుతుంది. ఒక చోట సగం పని, మరో చోట మిగతా సగం చేసేవారు రోటారు పేరు, కె ఫ్యాక్టర్ నోట్‌బుక్కులో రాసుకోకపోతే తమ ఫలితాలను తామే పోల్చుకోలేరు.

మరొక చిన్న విషయం, చేసి చూస్తే తప్ప తెలియనిది: కల్చర్ ద్రవం నుంచి వచ్చే పెల్లెట్ చాలాసార్లు కంటికి కనిపించదు. ట్యూబు బయటి అంచున, అది దిగవలసిన వైపు, మార్కర్‌తో గుర్తు పెట్టుకుని, సూపర్‌నేటెంట్ తీసేశాక ఆ గుర్తు దగ్గరే పీబీఎస్ పోసి కలపాలి. గుర్తు పెట్టకుండా రోటారు నుంచి ట్యూబు తీసినవారికి ఆ రోజు పని వృథా.

మీ భవనంలోనే నడిచే అల్ట్రా సెంట్రిఫ్యూజ్, దాన్ని నడిపే మనిషి, రోటారుకు సరిపడే ట్యూబులు మూడూ ఉంటే, నమూనా కల్చర్ ద్రవమైతే, ఈ దారి పట్టడంలో తప్పు లేదు. ప్లాస్మాకు మాత్రం నేను సిఫారసు చేయను. దాని చిక్కదనం వల్ల వెసికిల్స్ నెమ్మదిగా దిగుతాయి, పైగా ఆల్బుమిన్, లైపోప్రోటీన్లు వెంట వస్తాయి.

## సాంద్రత గ్రేడియంట్: కోర్టులో నిలిచే సాక్ష్యం

ట్యూబులో అయోడిక్సనాల్ అనే సాంద్రమైన ద్రావణాన్ని అడుగున చిక్కగా, పైకి పోయేకొద్దీ పలచగా పొరలుపొరలుగా పోసి, నమూనాను చేర్చి, సాధారణంగా రాత్రంతా 1,00,000 జీ దగ్గర తిప్పితే ఒక్కో పదార్థం తన సాంద్రతకు సరిపడే పొర దగ్గర ఆగుతుంది. ప్రోటీన్ గుంపులు, ఆర్గోనాట్‌ను అంటుకున్న ఆర్‌ఎన్‌ఏ ఒక చోట, వెసికిల్స్ మరో చోట తేలుతాయి. "ఈ మైక్రో ఆర్‌ఎన్‌ఏ నిజంగా వెసికిల్‌లోనే ఉంది" అని చెప్పడానికి దీనికి మించిన ఆధారం మామూలు ప్రయోగశాలలో దొరకదు. ఎల్‌డీఎల్ కూడా తేలికైనది కాబట్టి పైకి పోతుంది. హెచ్‌డీఎల్ సాంద్రత మాత్రం, ఘన సెంటీమీటరుకు 1.063 నుంచి 1.21 గ్రాముల దాకా, ఎక్సోజోముల సాంద్రతతో కలిసిపోతుంది కాబట్టి ప్లాస్మాలో ఆ ఒక్క కల్మషం మిగులుతుంది.

శుద్ధి బాగుంటే రాబడి తగ్గుతుంది, పని నెమ్మదిస్తుంది. పొరలు కదలకుండా పోయడానికి చేయి తిరగాలి. రాత్రి రన్ మధ్యలో కరెంటు పోయి రోటారు మెల్లగా ఆగిపోతే ఆ ట్యూబులను పారవేయడం తప్ప దారి లేదు, కాబట్టి యంత్రానికి బ్యాకప్ ఉందో లేదో ముందే అడగాలి. గ్రాహక కణాలకు చేర్చే ముందు అయోడిక్సనాల్‌ను కడిగేయాలి, అప్పుడు మళ్లీ కొంత పోతుంది. దీన్ని రోజువారీ పద్ధతిగా కాక, ప్రధాన ఫలితానికి ఒకటి రెండు సార్లు వేసే తుది పరీక్షగా పెట్టుకోవాలన్నది నా సలహా.

## సైజ్ ఎక్స్‌క్లూజన్ కాలమ్: మన పరిస్థితులకు దగ్గరిది

సెఫరోజ్ అనే జెల్ పూసల నిండా సూక్ష్మమైన రంధ్రాలుంటాయి. వరంగల్ చౌరస్తా నుంచి పోచమ్మ మైదాన్‌కు బయలుదేరిన లారీ సందుల్లో పట్టదు కనుక పెద్ద రోడ్డు వెంట నేరుగా వెళ్లిపోతుంది, ఆటో కనిపించిన ప్రతి సందులోకీ దూరి ఆలస్యంగా చేరుతుంది. కాలమ్‌లోనూ పెద్దవైన వెసికిల్స్ ముందు బయటికి వస్తాయి, చిన్న ప్రోటీన్లు రంధ్రాల్లో తిరిగి తిరిగి వెనుక వస్తాయి. ఇందులో కేవలం గురుత్వాకర్షణ పనిచేస్తుంది కాబట్టి వెసికిల్స్ మీద ఒత్తిడి పడదు, గుంపు కట్టవు, వాటి పని చేసే గుణం నిలుస్తుంది. సమాచార ప్రసారం మీద పరిశోధనకు ఇది చిన్న లాభం కాదు.

రెడీమేడ్ కాలమ్‌లు దొరుకుతాయి గాని, సెఫరోజ్ సీఎల్-2బి సీసా ఒకటి తెప్పించుకుంటే 10 మిల్లీలీటర్ల సిరంజిలో మనమే కాలమ్ కట్టుకోవచ్చు. ఆల్కహాల్‌లో వచ్చిన పూసలను పీబీఎస్‌తో బాగా కడిగి, 0.22 మైక్రాన్ల ఫిల్టరులో వడగట్టి గాలి తీసిన పీబీఎస్‌తో కలిపి, అడుగున జల్లెడ బిళ్ల పెట్టిన సిరంజిలోకి ఒకే ధారగా పోయాలి. ఆగి ఆగి పోస్తే పొరలు ఏర్పడతాయి, గాలి బుడగ చిక్కితే ద్రవం దాని పక్కనుంచి దారి చేసుకుంటుంది, పైభాగం ఎండితే పగులు వస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లని బఫరును మే నెలలో మన గది వేడిలో వెంటనే పోస్తే బుడగలు తప్పవు, కాబట్టి కాలమ్, బఫరు రెండూ ఒకే ఉష్ణోగ్రతకు వచ్చేదాకా ఆగాలి. ప్లాస్మా వేశాక పసుపు పట్టీ ఒకటి మెల్లగా కిందికి దిగడం కంటికి కనిపిస్తుంది. వెసికిల్స్ ఉండేది ఆ పసుపులో కాదు, దానికంటే ముందు వచ్చే రంగులేని చుక్కల్లో. 10 మిల్లీలీటర్ల కాలమ్ నుంచి అర మిల్లీలీటరు చొప్పున భాగాలు పట్టినప్పుడు వెసికిల్స్ 9 నుంచి 12 వరకు వచ్చినట్లు 2014లో ప్రచురితమైన పరిశోధన చూపింది. మీరు కట్టిన కాలమ్‌లో అవి ఎక్కడ వస్తాయో మీరే సీడీ63, సీడీ81 (వెసికిల్స్ పొర మీది గుర్తు ప్రోటీన్లు), ఆల్బుమిన్‌లతో పరీక్షించి తేల్చుకోవాలి.

రెండు పరిమితులున్నాయి. కాలమ్‌లో కొద్దిపాటి ద్రవమే పడుతుంది కనుక 100 మిల్లీలీటర్ల కల్చర్ ద్రవాన్ని ముందుగా 100 కిలోడాల్టన్ల అల్ట్రాఫిల్టర్‌తో అర మిల్లీలీటరుకు దగ్గర చేయాలి. ఈ పని మామూలు శీతల సెంట్రిఫ్యూజ్‌లో 3,000 నుంచి 4,000 జీ దగ్గర జరిగిపోతుంది గాని, పొరకు అంటుకుని కొంత నష్టం వస్తుంది. రెండోది, ప్లాస్మాలోని వీఎల్‌డీఎల్, కైలోమైక్రాన్లు పరిమాణంలో వెసికిల్స్‌కు దగ్గరగా ఉండి వాటితోపాటే వస్తాయి. రేణువుల సంఖ్య లెక్కించే ఎన్‌టీఏ యంత్రానికి వెసికిల్‌కూ లైపోప్రోటీన్‌కూ తేడా తెలియదు, కాబట్టి భోజనం చేసిన రోగి రక్తం నుంచి బ్రహ్మాండమైన సంఖ్య వస్తే సంతోషపడకూడదు. పరగడుపున తీసిన రక్తం వాడటం సగం సమస్యను తీరుస్తుంది.

ఇక్కడే ఒక చక్కని పూరకత్వం ఉంది. కాలమ్ పరిమాణాన్ని బట్టి వేరుచేస్తుంది, గ్రేడియంట్ సాంద్రతను బట్టి వేరుచేస్తుంది. చిన్నదైన హెచ్‌డీఎల్‌ను కాలమ్ పట్టేస్తుంది, తేలికైన వీఎల్‌డీఎల్‌ను గ్రేడియంట్ పట్టేస్తుంది. ప్లాస్మా మీద పనిచేసేవారు తమ కీలక ఫలితానికి రెండింటినీ వరుసగా వేస్తే ఏ పరీక్షకుడి ప్రశ్నకైనా జవాబు చేతిలో ఉంటుంది.

## పెగ్, కిట్లు, యాంటీబాడీ పూసలు

పాలీ ఇథిలీన్ గ్లైకాల్, అంటే పెగ్, కలిపి రాత్రంతా 4 డిగ్రీల దగ్గర ఉంచి, మామూలు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే వెసికిల్స్ దిగిపోతాయి. మార్కెట్లో దొరికే అవక్షేపణ కిట్లలో చాలావాటి సూత్రం ఇదే. రాబడి ఎక్కువ, నేర్చుకోవడం సులభం, 200 మైక్రోలీటర్ల సీరమ్‌తోనూ పని జరుగుతుంది. అయితే పెగ్ వెసికిల్స్‌ను ఎంచుకుని దించదు, కరగకుండా చేయగలిగిన ప్రతిదాన్నీ దించుతుంది, తానూ కొంత మిగిలిపోతుంది. ఆ మిగిలిన పెగ్ గ్రాహక కణాల మీద ప్రభావం చూపితే దాన్ని ఎక్సోజోముల పనిగా పొరపడే ప్రమాదం ఉంది. సమాచార ప్రసారం మీద థీసిస్‌కు దీన్ని ఏకైక పద్ధతిగా పెట్టుకోవద్దనే గట్టిగా చెబుతాను.

సీడీ9, సీడీ63, సీడీ81 యాంటీబాడీలు అతికిన అయస్కాంత పూసలు దీనికి పూర్తిగా వ్యతిరేకం: శుద్ధి ఎక్కువ, రాబడి తక్కువ, ఖరీదు ఎక్కువ. ఆ గుర్తు లేని వెసికిల్స్ అసలు రావు. పూస నుంచి విడదీయడానికి ఆమ్ల బఫరు వాడితే వాటి గుణం దెబ్బతినవచ్చు. లోపలి ఆర్‌ఎన్‌ఏ, ప్రోటీన్ చదవడానికి బాగుంటాయి, సజీవ కణాలకు చేర్చడానికి అంతగా బాగుండవు.

| పద్ధతి | రాబడి | శుద్ధి | కావలసిన యంత్రం | సరిపడే పని |
|---|---|---|---|---|
| అల్ట్రా సెంట్రిఫ్యూజ్ | మధ్యస్థం | మధ్యస్థం | అల్ట్రా సెంట్రిఫ్యూజ్, సరైన రోటారు | ఎక్కువ పరిమాణంలో కల్చర్ ద్రవం |
| సాంద్రత గ్రేడియంట్ | తక్కువ | ఎక్కువ | అల్ట్రా సెంట్రిఫ్యూజ్, రాత్రంతా కరెంటు | కీలక ఫలితానికి తుది రుజువు |
| కాలమ్ | మధ్యస్థం | మధ్యస్థం నుంచి ఎక్కువ | శీతల సెంట్రిఫ్యూజ్, సిరంజి | గ్రాహక కణాల ప్రయోగాలు, కొద్దిపాటి ప్లాస్మా |
| పెగ్, కిట్లు | ఎక్కువ | తక్కువ | మామూలు సెంట్రిఫ్యూజ్ | పెద్ద సంఖ్యలో రోగుల నమూనాల తొలి వడపోత |
| యాంటీబాడీ పూసలు | తక్కువ | ఎక్కువ | అయస్కాంత స్టాండు | ఒక ఉపవర్గం లోపలి సరుకు చదవడం |

## ఎవరికి ఏది

క్యాన్సర్ కణాల ఎక్సోజోములు ఫైబ్రోబ్లాస్టులను ఎలా మారుస్తాయి వంటి ప్రశ్న తీసుకున్న పూర్తికాలిక స్కాలర్లకు అల్ట్రాఫిల్టర్, ఆపైన కాలమ్ అన్న జోడీయే నా ఎంపిక. ప్రధాన ఫలితాన్ని మాత్రం హైదరాబాద్‌లో గ్రేడియంట్ వేసి మరోసారి రుజువు చేసుకోవాలి. సుమారు 145 కిలోమీటర్ల ప్రయాణం కాబట్టి అది ఏడాదికి ఒకటి రెండు సార్లకు భారం కాదు. కేంద్ర ప్రభుత్వ ఐ-స్టెమ్ పోర్టల్‌లో దేశంలోని సంస్థల పరికరాలను వెతికి స్లాటు అడిగే వీలుంది, గైడ్ సంతకంతో ముందుగానే దరఖాస్తు చేసుకోవాలి. తీసుకెళ్లేటప్పుడు నమూనాలు డ్రై ఐస్‌లోనే వెళ్లాలి. ఏప్రిల్ ఎండలో జెల్ ప్యాకుల మీద నమ్మకం పెట్టుకుంటే సగం దారిలో కరిగి, అక్కడ మళ్లీ గడ్డకట్టి, ఆ గడ్డకట్టి కరిగే చక్రంలో వెసికిల్స్ చిట్లిపోతాయి.

ఎంజీఎం వంటి పెద్దాసుపత్రికి వచ్చే రోగుల రక్తంతో పనిచేయదలచిన వైద్య విద్యార్థులకు పద్ధతి కంటే రక్తం తీసే తీరు ముఖ్యం. హెపారిన్ ట్యూబు వద్దు, అది పీసీఆర్‌ను అడ్డుకుంటుంది, వెసికిల్స్ కణాల్లోకి చేరడాన్నీ అడ్డుకుంటుంది. సిట్రేట్ గాని ఈడీటీఏ గాని వాడాలి. రక్తం నిలవ ఉండేకొద్దీ ప్లేట్‌లెట్లు తమ వెసికిల్స్‌ను అందులోకి వదులుతాయి కనుక వార్డు నుంచి ప్రయోగశాలకు చేరే సమయాన్ని ప్రతి ట్యూబుకూ రాయాలి, 2,500 జీ దగ్గర రెండుసార్లు తిప్పి ప్లేట్‌లెట్లను తొలగించాకే మైనస్ 80 డిగ్రీలలో పెట్టాలి. ఎథిక్స్ కమిటీ అనుమతి 2017 ఐసీఎంఆర్ మార్గదర్శకాల ప్రకారం ముందే ఉండాలన్నది వేరే చెప్పనక్కరలేదు. నమూనాలు వందల్లో ఉంటే తొలి వడపోతకు పెగ్, ఎంపికైన వాటికి కాలమ్ అన్న రెండంచెల విధానం సమంజసం. రెండు పద్ధతుల ఫలితాలను ఒకే గ్రాఫులో కలపకూడదు.

ఫార్మసీ వైపు నుంచి వచ్చి ఎక్సోజోములను మందు మోసే వాహకాలుగా చూసేవారు పాలను ఎంచుకుంటున్నారు. లీటర్లకొద్దీ చవకగా దొరకడం దానికి కారణం. అక్కడి శత్రువు కేసిన్. దాని మిసెల్స్ పరిమాణం ఎక్సోజోముల పరిమాణంతో కలుస్తుంది, కాబట్టి ముందుగా ఆమ్లంతోనో ఈడీటీఏతోనో దాన్ని తొలగించకుండా ఏ పద్ధతి వాడినా దక్కేది పాల ప్రోటీనే. పసుపు, అల్లం నుంచి తీసిన వెసికిల్స్ మీద కూడా ఆసక్తి పెరుగుతోంది, ఆర్మూరు పసుపు మన చేతికి అందేదే. కాకపోతే దుంపను నూరినప్పుడు కణాలు పగిలి పుట్టిన పొర ముక్కలను, మొక్క తానుగా విడుదల చేసిన వెసికిల్స్‌ను వేరుచేయడం కష్టం. కణాల సంభాషణ గురించి థీసిస్ రాయదలచినవారికి అది సరైన దారి కాదు.

పాఠాలు చెబుతూ వారాంతాల్లో పనిచేసే పార్ట్‌టైమ్ పరిశోధకులు ఒకే కణజాతి, ఒకే కాలమ్, ఒకే ప్రశ్న పెట్టుకోవడం మంచిది.

## పద్ధతి ఏదైనా తప్పని కంట్రోళ్లు

కణాలను పెంచే ఎఫ్‌బీఎస్‌ (గర్భస్థ దూడ సీరమ్)లో ఆవు ఎక్సోజోములు కోట్లలో ఉంటాయి. 1,00,000 జీ దగ్గర రాత్రంతా తిప్పి వాటిని తగ్గించిన సీరమ్ గాని, సీరమ్ లేని మాధ్యమం గాని వాడాలి. కణాలు పెంచని ఖాళీ మాధ్యమాన్ని కూడా అదే కాలమ్‌లో, అదే రోజు, అదే తీరున నడిపి గ్రాహక కణాలకు చేర్చి చూపాలి. ఆ ఖాళీ నమూనాకూ కణాలు స్పందిస్తే మీ ఫలితం వెసికిల్స్‌ది కాదు.

అంతర్జాతీయ వెసికిల్ సంఘం వెలువరించిన మైసెవ్ 2014, 2018, 2023 మార్గదర్శకాలు కనీసం ఏమేమి చూపాలో చెబుతాయి: పొర మీది గుర్తు ఒకటి, లోపలి గుర్తు ఒకటి, కల్మషాన్ని సూచించే ప్రోటీన్ ఒకటి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ చిత్రం. లోపలి గుర్తు టీఎస్‌జీ101, పొర మీది గుర్తు సీడీ63 కనిపించి, కణం లోపలి కల్మషాన్ని సూచించే కాల్‌నెక్సిన్ కనిపించకపోవడం మంచి సూచన. ఎండోజోము నుంచే వచ్చాయని నిరూపించలేనప్పుడు శీర్షికలో బాహ్యకణ వెసికిల్స్ అని రాయమని కూడా ఆ మార్గదర్శకాలు సూచిస్తాయి, వైవాలో మొదటి ప్రశ్న అక్కడి నుంచే రావచ్చు. దాత కణాల్లో ఎక్సోజోముల విడుదలకు తోడ్పడే రాబ్27ఎ ప్రోటీన్‌ను తగ్గించి గాని, జీడబ్ల్యూ4869తో విడుదలను అడ్డుకుని గాని ఫలితం తగ్గడం చూపితే వాదన బలపడుతుంది. అయితే జీడబ్ల్యూ4869 స్పింగోమైలిన్ జీవక్రియనే మార్చే మందు కాబట్టి దాని ఒక్కదాని సాక్ష్యం చాలదు.

వెసికిల్స్ గ్రాహక కణంలోకి చేరాయని చూపడానికి పొరకు అంటుకుని మెరిసే పీకేహెచ్ రంగులు వాడేవారు రంగును మాత్రమే పీబీఎస్‌లో కలిపి అదే కాలమ్‌లో నడిపిన కంట్రోల్‌ను తప్పక పెట్టాలి. ఆ రంగు తనంతట తాను వెసికిల్స్ పరిమాణంలోనే గుంపు కడుతుంది, కణాలు దాన్నీ మింగుతాయి, మైక్రోస్కోప్‌లో రెండూ ఒకే రకం చుక్కలుగానే కనిపిస్తాయి.